తుంటి ఆపరేషన్ అయిన నాన్నగారికి సీఓపీడీ, కిడ్నీ సమస్య, యూరిన్ పైపు కూడా ఉన్నాయి: ఇంట్లో ఏ డాక్టరు మాట పాటించాలి?

ప్రశ్న: ఒక కొడుకు, మహదేవపుర, బెంగళూరు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 74 ఏళ్లు. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. నలభై ఏళ్లు బీడీలు కాల్చడం వల్ల ఆయనకు సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఆరేళ్ల క్రితం మానేసినా ఇన్‌హేలర్ లేనిదే రోజు గడవదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో ఏడాదిగా 1.9 దగ్గర ఉంటోంది, ప్రోస్టేట్ కూడా పెరిగింది. పోయిన నెలలో మా ఇంటి స్నానాలగదిలో జారిపడి ఎడమ తుంటి విరిగితే, ఇక్కడే ఒక ఆసుపత్రిలో తుంటి బంతి మార్చి తొమ్మిదో రోజున ఇంటికి పంపారు. యూరిన్ పైపు ఇంకా తీయలేదు. ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ పెట్టుకున్నాం.

డిశ్చార్జి రోజున నలుగురు డాక్టర్లు నాలుగు రకాలుగా చెప్పారు. ఆయాసం వస్తే ముందుకు వంగి కూర్చోమని ఊపిరితిత్తుల డాక్టరు చెబితే, తుంటి దగ్గర అస్సలు వంగకూడదని ఎముకల డాక్టరు అన్నారు. పైపు ఉన్నంతకాలం నీళ్లు బాగా తాగించమని మూత్ర సమస్యలు చూసే యూరాలజీ డాక్టరు, కిడ్నీ సమస్య ఉంది కాబట్టి కొలిచి ఇవ్వమని కిడ్నీ డాక్టరు చెప్పారు. ఎంత కొలవాలో ఏ కాగితంలోనూ లేదు. నొప్పికి ఇంట్లో పాత డైక్లోఫెనాక్ మాత్రలు ఉన్నాయి, వేయవచ్చా? నిన్న రాత్రి వేలికి పెట్టే మెషిన్‌లో ఆక్సిజన్ శాతం 89 చూపిస్తే భయపడి ఆక్సిజన్‌ను 2 లీటర్ల నుంచి 4కు పెంచాను. పొద్దున లేపితే మాట ముద్దగా ఉంది, కళ్లు మూతలు పడుతున్నాయి. ఆయనను చూసుకోవడానికి పగలు ఒక కేర్‌టేకర్, రాత్రి నేను ఉంటాం. దయచేసి తెలిసినవారు చెప్పండి.

సమాధానం: స్టాఫ్ నర్సు, 19 ఏళ్ల అనుభవం, జయనగర

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత చదువుకోండి, ముందు ఆక్సిజన్‌ను డాక్టరు రాసిన 2 లీటర్లకు తెచ్చి వెంటనే ఆయనకు ఫోన్ చేయండి. చాలా ఏళ్లుగా సీఓపీడీ ఉన్నవారిలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. పొద్దున తలనొప్పి, మగత, మాట తడబడటం దాని గుర్తులు. అందుకే ఇలాంటివారికి సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని చెబుతారు. అంటే మీరు చూసిన 89 ఆయనకు తక్కువ కాదు. మీ నాన్నగారికి ఆ హద్దు ఎంతో డాక్టరు చేత అంకెల్లో రాయించుకుని మెషిన్ మీద అంటించండి. మగత తగ్గకపోయినా పెరిగినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ ఏబీజీ అనే రక్తపరీక్షతో సంగతి తేలుతుంది. ఇంకో మాట, ఆక్సిజన్ నడుస్తున్న గదిలో దీపం, అగరుబత్తి, కర్పూర హారతి, దోమల చుట్ట ఏవీ వెలిగించకూడదు.

ఈ ఊళ్లో ఛాతీ జబ్బులకు రాజీవ్ గాంధీ సంస్థ, కిడ్నీకి విక్టోరియా ఆవరణలోని నెఫ్రో యూరాలజీ సంస్థ, ఎముకలకు సంజయ్ గాంధీ సంస్థ అని దేనికదే వేరుగా ఉన్నాయి. ప్రతి డాక్టరూ తన అవయవాన్ని కాపాడే మాటే చెబుతారు, అందులో తప్పు లేదు. ఆ నాలుగు మాటలనూ ఒకే మనిషికి, ఒకే మంచం మీద కుదర్చడం నర్సు పని, ఇంట్లో ఇప్పుడది మీ పని.

కూర్చోవడం తీసుకుందాం. బంతి మార్చాక, ముఖ్యంగా వెనకవైపు నుంచి ఆపరేషన్ చేసి ఉంటే, తుంటి 90 డిగ్రీలకు మించి మడవకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. మోచేతులు మోకాళ్లకు ఆనించి ముందుకు వంగడం, ఆయాసం ఉన్నవారు సహజంగా చేసే పని, ఈ నియమాన్ని తప్పుతుంది. అలా అని పడుకోబెట్టి ఉంచితే కఫం అడుగున చేరి నిమోనియా వస్తుంది. చేతులున్న ఎత్తు కుర్చీ తెచ్చుకోండి, కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే కిందికి ఉండాలి. వీపు కొంచెం వెనక్కి వాల్చి, రెండు చేతుల కింద రెండు దిండ్లు పెట్టండి. చేతులకు ఆధారం దొరికితే భుజాల దగ్గర కండరాలు శ్వాసకు సాయపడతాయి, వంగకుండానే ఆయాసం తగ్గుతుంది. పెదవులు సున్నాలా చుట్టి, ఎదురుగా దీపం ఉన్నట్టు ఊహించుకుని దాని వత్తి ఊగాలి గానీ ఆరకూడదన్నంత మెల్లగా గాలి వదలమనండి. పల్లెటూరి పెద్దవాళ్లకు ఈ పోలిక వెంటనే అందుతుంది.

నీళ్ల సంగతిలో ఊహ పనికిరాదు. కిడ్నీ డాక్టరును అడిగి రోజుకు ఇన్ని మిల్లీలీటర్లని ఒక్క అంకె తెచ్చుకోండి. ఆయనకు యూరిన్ పైపు ఉందనీ, యూరాలజీవారు నీళ్లు ఎక్కువ తాగమన్నారనీ అదే ఫోన్‌లో చెప్పండి. ఆ అంకెలో మజ్జిగ, కాఫీ, రసం అన్నీ కలుస్తాయి. ఒక నోటుపుస్తకంలో తాగింది ఒకవైపు, బ్యాగులో వచ్చింది ఇంకోవైపు రాయండి. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం రావాలి. నాలుగు గంటలు బ్యాగులో ఏమీ రాకపోతే ముందు పైపు మెలిక పడిందా, ఆయన తొడ కింద నలిగిందా చూడండి. అక్కడ బాగుండీ రాకపోతే, పొత్తికడుపు ఉబ్బినా ఉబ్బకపోయినా, డాక్టరుకు చెప్పాలి. పాదాల వాపు, ఆయాసం పెరిగితే నీరు చేరుతోందేమో అనుకోవాలి.

పైపు విషయంలో నేను వార్డులో ఎక్కువగా చూసిన పొరపాటు ఒకటుంది. వాకర్‌తో నడిపించేటప్పుడు బ్యాగును వాకర్ పైకడ్డీకి తగిలిస్తారు. అప్పుడు అది మూత్రాశయం కంటే పైకి పోయి, పైపులోని మూత్రం వెనక్కి పారుతుంది. బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, నేలను తాకకూడదు. మూడింట రెండు వంతులు నిండగానే వంచేయండి, వంచే మూతి మగ్గును తాకకూడదు. పైపును తొడకు టేపుతో అంటించి, రోజూ సబ్బునీటితో ఆ చోటు కడగండి, ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడుక్కోండి. పైపు ఉన్న ప్రతి రోజూ క్రిములు చేరే అవకాశం పెరుగుతుంది. ఎప్పుడు తీస్తారని మీరే అడగండి, అడగకపోతే కొన్నిసార్లు అలాగే ఉండిపోతుంది.

డైక్లోఫెనాక్ వద్దు. ఆ జాతి మాత్రలన్నీ ఈ కిడ్నీకి హాని చేస్తాయి. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్‌ను వ్యాయామానికి అరగంట ముందు ఇవ్వండి. నొప్పి ఉంటే ఆయన దగ్గలేరు, దగ్గకపోతే కఫం పోదు. ట్రామడాల్ వంటి గట్టి నొప్పి మందులు రాసి ఉంటే మగత, మలబద్ధకం వస్తాయేమో చూసుకోవాలి.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, తిప్పేటప్పుడు కాళ్ల మధ్య దిండు తప్పనిసరి. ఆపరేషన్ వైపుకు తిప్పడం డాక్టరు ఒప్పుకున్నాకే. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టండి. నడుము దిగువన, మడమ మీద ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి చూడండి. నొక్కినా తెల్లబడకపోతే పడకపుండు మొదలైనట్టే.

సమాధానం: ఫిజియోథెరపిస్టు, కె.ఆర్. పురం

నర్సుగారు వివరంగా రాశారు, రెండు విషయాలు మాత్రం కలుపుతాను. ఊపిరి వ్యాయామానికి వాడే మూడు బంతుల స్పైరోమీటర్ మీకు ఇచ్చే ఉంటారు. అందులో గాలి ఊదకూడదు, లోపలికి పీల్చాలి. వార్డులో "ఉసిరు ఎళ్కొళ్ళి" (ఊపిరి లోపలికి పీల్చుకోండి) అని కన్నడంలో చెబితే అర్థంకాక మన తెలుగు పెద్దవాళ్లు బుగ్గలు పొంగించి ఊదడం, బంతి కదలక నిరుత్సాహపడటం ఎన్నోసార్లు చూశాను. స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టు పీల్చమని తెలుగులో చెప్పండి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు చేస్తే మంచిది, తల తిరిగితే ఆపాలి.

రెండోది, మంచం మీద ఉన్నా పాదాలను పైకీ కిందికీ ఆడించడం మానకూడదు. నడిచేటప్పుడు ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తర్వాత మంచి కాలు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా రక్తం గడ్డ కట్టిందని అనుమానించి 108కు ఫోన్ చేయండి. గజ్జల్లో హఠాత్తుగా భరించలేని నొప్పి వచ్చి, కాలు పొట్టిగా మారి తిరిగిపోయినట్టు కనిపిస్తే బంతి జారి ఉండవచ్చు, అప్పుడు నిలబెట్టే ప్రయత్నమే చేయవద్దు.

సమాధానం: డయాలిసిస్ చేయించుకునే అమ్మను చూసుకుంటున్న కూతురు, యలహంక

పైన కొబ్బరినీళ్ల పోలిక చూసి ఇది రాయకుండా ఉండలేకపోయాను. అది పోలిక వరకే ఉండాలి. ఆపరేషన్ అయిందనగానే చూడ్డానికి వచ్చేవాళ్లంతా వీధి చివర బండి దగ్గర రెండు బొండాలు కొట్టించుకుని తెస్తారు, ప్రేమతోనే తెస్తారు. మా అమ్మకు అలా వరుసగా నాలుగు రోజులు తాగించాక పొటాషియం పెరిగి ఈసీజీ మారింది, ఆ రాత్రిని నేను మరిచిపోలేను. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి కొబ్బరినీళ్లు, అరటిపండు, పళ్లరసాలు రక్తపరీక్ష చూసి డాక్టరు సరేనంటేనే ఇవ్వండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో కూడా పొటాషియం ఉంటుంది. మా డైటీషియన్ కూరగాయలను ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండమన్నారు. రుచి తగ్గుతుంది, అయినా అమ్మ అలవాటుపడింది.

ప్రశ్న అడిగినవారి నుంచి

నర్సమ్మగారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఆక్సిజన్ 2కు తగ్గించి, డాక్టరు చెప్పినట్టు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కార్బన్ డయాక్సైడ్ పెరిగిందనే అన్నారు. రెండు రోజులు ఉంచి పంపించారు, ఇప్పుడు మనిషి తేటగా మాట్లాడుతున్నారు. హద్దు 88 నుంచి 92 అని, నీళ్లు 1500 మిల్లీలీటర్లని రాయించుకున్నాను. గురువారం పొద్దున యూరిన్ పైపు తీస్తామన్నారు. తీశాక మూత్రం ఆగిపోతే ఏం చేయాలన్నదే ఇప్పుడు నా భయం.

సమాధానం: స్టాఫ్ నర్సు, జయనగర

మంచి వార్త చెప్పారు. గురువారానికి ముందే విరేచనం సాఫీగా అయ్యేలా చూడండి, పేగు నిండి ఉంటే మూత్రం ఆగిపోవచ్చు. ఆయన వాడే ఇన్‌హేలర్ల డబ్బాలను యూరాలజీ డాక్టరుకు చూపించండి. వాటిలో టయోట్రోపియం, ఇప్రాట్రోపియం వంటివి ఉంటే ప్రోస్టేట్ పెరిగినవారిలో మూత్రం బిగపట్టవచ్చు. అయితే మీ అంతట మీరు ఇన్‌హేలర్ ఆపకూడదు, ఆ నిర్ణయం డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని తీసుకోవాలి.

పైపు తీశాక తొలిసారి వచ్చిన మూత్రాన్ని కొలిచి, టైముతో సహా రాయండి. మగవారికి నిలబడితే సులువుగా వస్తుంది. ఆయనను వాకర్ పట్టుకుని నిలబెట్టి, కేర్‌టేకర్ పక్కన ఉంటే చాలు, వంగి చూడనవసరం లేదు. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కాన్ చేయమని అడగండి. ఆరు గంటలు దాటినా రాకపోయినా, కొద్దికొద్దిగా చుక్కలే వస్తూ పొత్తికడుపు బిగుసుకున్నా ఆసుపత్రికి వెళ్లిపోవాలి. ఆలోపు ఎక్కువ నీళ్లు తాగించి తెప్పించాలని చూడవద్దు, 1500 అంటే ఆ రోజు కూడా 1500 మాత్రమే.

ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ అనే మందు ఇస్తే లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోయి తల తిరగవచ్చు. మంచం అంచున పాదాలు నేలకు ఆనించి రెండు మూడు నిమిషాలు కూర్చున్నాకే నిలబెట్టండి. పైపు తీశాక రాత్రిళ్లు మూత్రానికి ఎన్నోసార్లు లేస్తారు, ఆయన పడింది ఆ స్నానాలగదిలోనే కదా. బుధవారం లోగా కామోడ్ మీద ఎత్తు సీటు, పక్క గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి, మంచం నుంచి గుమ్మం దాకా రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వండి. మొదటి రెండు రాత్రులు మంచం దగ్గరే యూరిన్ క్యాన్ పెట్టి, ఆయన పిలిస్తే వినబడేంత దగ్గర్లో మీరు పడుకోండి.