లాంచ్‌ప్యాడ్ మినీతో శాంప్లర్ మాడ్యూల్ పలకడం లేదు, మోనోమ్ గ్రిడ్ కొనాలా?

శ్రుతిపెట్టె_తిరుపతి:
అన్నలూ, నా యూరోర్యాక్ (మాడ్యూళ్లు బిగించుకునే సింథ్) శాంప్లర్‌కి ట్రిగర్ (మోగమని చెప్పే పల్స్) ఇన్‌పుట్లు, సీవీ (వోల్టేజీతో అదుపు) ఇన్‌పుట్, 3.5 మి.మీ. మిడి (ఏ నోట్ వాయించాలో చెప్పే డిజిటల్ సందేశాలు) సాకెట్ ఉన్నాయి. డోలు దెబ్బలు, నాదస్వరం పలుకులు కలిపి 16 వేవ్ ఫైళ్లు వేశాను. ల్యాప్‌టాప్ లేకుండా లాంచ్‌ప్యాడ్ మినీ ఎంకే3తో (నోవేషన్ వాళ్ల 8×8 ప్యాడ్ల కంట్రోలర్) వాయించాలి. యూఎస్‌బీ నుంచి 3.5కి మార్చే కేబుల్ పెడితే ప్యాడ్లు వెలగను కూడా లేదు. మోనోమ్ గ్రిడ్ (అలాంటిదే, వెలిగే గళ్ల పలక) అయితే నేరుగా పనిచేస్తుందా?

చిత్తూరు_ప్యాచ్:
ఆ కేబుల్‌తో ఎప్పటికీ రాదన్నా. మినీకి యూఎస్‌బీ ఒక్కటే దారి, అవతల హోస్ట్ (కంప్యూటర్ లాగా యూఎస్‌బీని నడిపించేది) ఉండి తీరాలి. మధ్యలో యూఎస్‌బీ మిడి హోస్ట్ డబ్బా పెట్టి, దాని మిడి అవుట్ శాంప్లర్‌కి ఇవ్వండి. (లాంచ్‌ప్యాడ్ ప్రో ఎంకే3కి టీఆర్‌ఎస్, అంటే 3.5 స్టీరియో జాక్, మిడి అవుట్ ఉంది. దాని ధర వేరే లెక్క.)

తర్వాతి చిక్కు 3.5 మిడి వైరింగ్‌లోని రెండు రకాలు: టైప్ ఏ, టైప్ బీ. ఏలో మిడి 5వ పిన్ టిప్‌కి (జాక్ కొన), 4వ పిన్ రింగ్‌కి (మధ్య పట్టీ). బీలో తారుమారు. 2018లో ఏని ప్రమాణం చేశారు గానీ పాత మాడ్యూళ్లలో బీ ఇంకా ఉంది. తప్పు కేబుల్ పెడితే ఏమీ కాలదు, చడీచప్పుడూ ఉండదు. రెండు స్టీరియో జాకులకు టిప్, రింగ్ మార్చి అతికితే సరి. జాకులు తిరుపతిలో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది.

ఇక నోట్ నంబర్లు: మినీ ప్రోగ్రామర్ మోడ్‌లో ఎడమ కింది ప్యాడ్ పంపేది నోట్ 11, దాని పైది 21, కుడి పై మూల 88. డ్రమ్ శాంప్లర్లు ఎక్కువగా 36 నుంచి వింటాయి. నోవేషన్ కాంపొనెంట్స్‌లో (వాళ్ల సెట్టింగుల సాఫ్ట్‌వేర్) కస్టమ్ మోడ్ తీసి 4×4 గళ్లకు 36–51 రాయండి, మిడి ఛానెల్ కూడా శాంప్లర్‌ది, మినీది ఒకటే ఉండేలా పెట్టండి. వేలు తీయగానే శబ్దం తెగితే అది గేట్ మోడ్. డోలుకి వన్‌షాట్ (వేలు తీసినా చివరిదాకా మోగేది) పెట్టండి, నాదస్వరానికి గేటే నయం.

మినీ ప్యాడ్లకు వెలాసిటీ లేదు, మెల్లగా తట్టినా గట్టిగా కొట్టినా ఒకటే. డోలుకి ఇది పెద్ద లోటే. ఒక్కో దెబ్బకి మెత్తనిదొకటి, గట్టిదొకటి ఫైళ్లు చేసి పక్కపక్క ప్యాడ్లకివ్వాలి.

గళ్లబల్ల:
మోనోమ్ గ్రిడ్ మిడి పరికరమే కాదు, యూఎస్‌బీ మీద సీరియల్ మాట్లాడుతుంది. ఆ డబ్బా దాన్ని గుర్తుపట్టదు. ఆన్సిబుల్ మాడ్యూల్ కావాలి: గ్రిడ్ దాని యూఎస్‌బీలోకి, నాలుగు ట్రిగర్లు, నాలుగు సీవీలు బయటికి. 16 శాంపిళ్లను వేళ్లతో కొట్టడానికైతే దండగ. తాళం నడిపించడానికైతే దానికి సాటి లేదు. ఆన్సిబుల్‌లోని క్రియా అనే సీక్వెన్సర్‌లో ట్రిగర్ లూప్ 7 పెట్టి 1, 4, 6 గళ్లు వెలిగిస్తే మిశ్రచాపు. నోట్ లూప్ 8 ఉంచితే వరుస 56 గళ్లకు గానీ మొదటికి రాదు.

సీవీతో శాంపిల్ ఎంచుకుంటే రెండు జాగ్రత్తలు. సీవీ, ట్రిగర్ ఒకేసారి చేరితే మాడ్యూల్ పాత వోల్టేజీ చదివి ముందటి శాంపిలే వాయిస్తుంది, ట్రిగర్‌ని 5 మిల్లీసెకన్లు ఆలస్యం చేయండి. రెండోది, 5 వోల్టులను 16 ముక్కలు చేస్తే ఒక్కోటి 0.31 వోల్టు, సెమీటోన్ 0.083 మాత్రమే. సుమారు నాలుగు సెమీటోన్లు జరిగితేనే శాంపిల్ మారుతుంది.

శ్రుతిపెట్టె_తిరుపతి:
హోస్ట్ డబ్బాతో పలికింది! కానీ ఫోన్ చార్జర్‌తో నడిపితే స్పీకర్లో గుయ్యిమంటోంది.

చిత్తూరు_ప్యాచ్:
డబ్బాని పవర్ బ్యాంక్ మీద నడిపి చూడండి. మోత పోతే తప్పు చార్జర్‌ది. పోకపోతే మిక్సర్‌నీ ర్యాక్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో, మూడు పిన్నుల ప్లగ్గులతో పెట్టండి.