మేరీ హిగ్గిన్స్ క్లార్క్ తొలి సస్పెన్స్ నవల అచ్చయిన దారి మనకు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న (రాతబల్ల):

అందరికీ నమస్కారం. ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు పిల్లల చదువులు చూసుకుంటూ తెలుగులో ఒక సస్పెన్స్ నవల రాస్తున్నాను. సగానికి పైగా పూర్తయింది. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవారికి అందరూ అమెరికన్ రచయిత్రి మేరీ హిగ్గిన్స్ క్లార్క్‌నే ఉదాహరణగా చూపుతారు. భర్త పోయాక ఐదుగురు పిల్లలను పెంచుతూ, తెల్లవారుజామున 5 నుంచి 7 వరకు వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశారని, 1975లో వచ్చిన "వేర్ ఆర్ ది చిల్డ్రన్?" నవలతో స్థిరపడిపోయారని చెబుతారు. ఆ రెండు గంటల క్రమశిక్షణే ఆమెను రచయిత్రిని చేసిందా, లేక దానికి ముందు మనం పట్టించుకోని కథ ఏమైనా ఉందా? నవల పూర్తయ్యాక, రచయిత తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంట్లనే వ్యవస్థ లేని తెలుగులో, నేను మొదట ఎవరిని సంప్రదించాలి?

సమాధానం (పాతసంచికలు):

రాతబల్ల గారూ, వంటింటి బల్ల కథ నిజమే కానీ, అది నడిమధ్య నుంచి మొదలుపెట్టి చెప్పిన కథ. ఆమె మొదటి కథానిక 1956లో వంద డాలర్లకు అమ్ముడుపోయింది. అంతకు ముందు ఆరేళ్లలో నలభై తిరస్కరణలు వచ్చాయి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో రచనా తరగతికి వెళ్లినప్పుడు, మనసును పట్టిన ఒక నాటకీయ ఘట్టాన్ని తీసుకుని "అనుకుందాం", "అలా జరిగితే?" అని ప్రశ్నించుకుంటూ పొమ్మని అక్కడి అధ్యాపకుడు చెప్పిన పద్ధతిని ఆమె జీవితాంతం వదలలేదు. ఆ తరగతిలో పరిచయమైన వారితో కలిసి ఏర్పరచుకున్న బృందంలో, రాసింది చదివి వినిపించుకోవడం దశాబ్దాల పాటు సాగింది.

1964లో భర్త మరణించాక ఆమెకు జీతం తెచ్చిపెట్టింది రేడియో. నాలుగు నిమిషాల కార్యక్రమాలకు స్క్రిప్టులు రాయడమంటే, మొదటి వాక్యంతోనే శ్రోత చెవి పట్టుకోవాలి, ఒక్క మాట కూడా అదనంగా ఉండకూడదు. సస్పెన్స్ రచనకు ఇంతకన్నా కఠినమైన సాధన మరొకటి ఉంటుందని నేను అనుకోను. ఆ రేడియో పనిలోంచే జార్జ్ వాషింగ్టన్ జీవితంపై ఆమె తొలి పుస్తకం పుట్టి 1969లో వెలువడింది. అది అమ్ముడుపోలేదు. "ఆస్పైర్ టు ది హెవెన్స్" (దివిని అందుకోవాలని ఆశించు) అన్న పేరు చూసి దుకాణాలవారు దాన్ని మతగ్రంథాల వరుసలో పెట్టారట! (పేరు పెట్టే విషయంలో తొందరపడేవారికి ఇంతకన్నా మంచి హెచ్చరిక దొరకదు.) ఆ తరువాత, తాను ఇష్టంగా చదివేవి ఏమిటని తన పుస్తకాల అల్మరా వైపు చూసుకుంటే అందులో ఎక్కువగా కనిపించినవి మిస్టరీ, సస్పెన్స్ నవలలే కావడంతో ఆమె అటు మళ్లారు. కాబట్టి ఆ తెల్లవారుజాము బల్ల దగ్గర కూర్చున్న మనిషి అప్పటికే చేయి తిరిగిన రచయిత్రి అని గుర్తుంచుకోవాలి.

సమాధానం (సశేషం):

పై సమాధానానికి కొనసాగింపుగా నవల గురించి రెండు మాటలు. తన పిల్లలను చంపిందన్న అభియోగంపై ఒక తల్లిని విచారించిన కేసు 1960లలో న్యూయార్క్‌లో సంచలనం రేపింది. ఆ బీజాన్ని తీసుకుని క్లార్క్, అలాంటి అభియోగం నుంచి బయటపడి, పేరు మార్చుకుని, అమెరికా తూర్పు తీరంలోని కేప్ కాడ్‌లో కొత్త సంసారం మొదలుపెట్టిన స్త్రీ పిల్లలు మళ్లీ మాయమైతే ఏమవుతుందని ఊహించారు. ప్రధాన కథంతా ఒక్క రోజులో జరుగుతుంది. ఆ ఇంటిని దూరం నుంచి కనిపెడుతున్న మనిషి ఒకడున్నాడని పాఠకుడికి ఆరంభంలోనే తెలుస్తుంది, ఆ తల్లికి తెలియదు. మన కొత్త రచయితలు చాలామంది అన్నీ దాచిపెట్టి చివరి అధ్యాయంలో కుమ్మరించడమే సస్పెన్స్ అనుకుంటారు గానీ, పాఠకుడికి కొంత ముందే చెప్పేసి, పాత్రకు చెప్పకుండా ఉంచితేనే పేజీ పేజీకీ ఆదుర్దా పెరుగుతుంది. ఆ మనిషి ఎవరన్నది మాత్రం నేను ఇక్కడ చెప్పను, చదవనివారు ఉంటారు.

పిల్లలు ఆపదలో పడే కథ మహిళా పాఠకులను కలవరపెడుతుందని దాన్ని తిప్పిపంపిన ప్రచురణకర్తలూ ఉన్నారు. చివరకు సైమన్ అండ్ షుస్టర్ సంస్థ మూడు వేల డాలర్లకు తీసుకుంది. కొద్ది నెలలకే పేపర్‌బ్యాక్ హక్కులు లక్ష డాలర్లకు అమ్ముడయ్యాయి, ఆ తరువాతి సస్పెన్స్ నవల పదిహేను లక్షల డాలర్లు తెచ్చింది. గట్టి అట్ట పుస్తకానికీ పేపర్‌బ్యాక్‌కూ హక్కులు వేరువేరుగా ఉండటం వల్లనే ఇది సాధ్యమైంది.

రాతబల్ల:

ఇద్దరికీ ధన్యవాదాలు. నా నవలలో నేరస్థుణ్ణి చివరిదాకా దాచాను, ఆ అమరికను మరోసారి చూసుకుంటాను. తెలుగులో ప్రచురణ సంగతి కూడా ఎవరైనా వివరించగలరా?

సమాధానం (అచ్చుమడి):

మన దగ్గర ఈ తరహా నవలకు పెద్ద దారి చాలాకాలం వారపత్రిక సీరియలే. ఏజెంటు చేయాల్సిన పని అక్కడ సంపాదకుడే చేసేవారు. వారం వారం "సశేషం" దగ్గర పాఠకుణ్ణి నిలబెట్టవలసిన అవసరం మన సస్పెన్స్ నవల నడకనే మలిచింది. అలాంటి సీరియల్‌ను పుస్తకంగా చదివితే ప్రతి కొన్ని పేజీలకూ ఒక కుదుపు తగలడానికి కారణం అదే. ఇప్పుడు సీరియళ్లకు చోటు బాగా తగ్గింది. అయినా పత్రికల నవలల పోటీలు జరుగుతూనే ఉన్నాయి. మొదట వాటికి పంపమనే నా సలహా. కాకపోతే ఒకేసారి రెండు చోట్లకు పంపకండి. ఆ నవల మరెక్కడా పరిశీలనలో లేదని చాలా పోటీలు హామీపత్రం అడుగుతాయి.

అక్కడ కుదరకపోతే సొంత ఖర్చుతో అచ్చు వేయించుకోవడమే ఎక్కువమంది చేస్తున్న పని. ముందు తక్కువ ప్రతులే వేయించండి, ఎందుకంటే పంపిణీదారులు ముఖవిలువలో పెద్ద భాగాన్ని కమీషన్‌గా తీసుకుంటారు, అమ్ముడుపోని కట్టలు మీ ఇంటికే తిరిగి వస్తాయి. ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకాన్నీ విడిగా గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) కోసం ఎవరికీ డబ్బు కట్టనవసరం లేదు, రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది.

హక్కుల గురించి సశేషం గారు చెప్పింది మనకూ వర్తిస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి. ఎంతకాలానికి అన్నది రాయకపోతే ఐదేళ్లకని, ఏ ప్రాంతానికి అన్నది రాయకపోతే భారతదేశానికని భావిస్తారు. "సర్వహక్కులూ" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టే కాగితాలు తెలుగులో మామూలు. అలాంటి కాగితం వస్తే సీరియల్, పుస్తకం, ఈబుక్, ఆడియో, సినిమా హక్కులను విడివిడిగా రాయించి, ప్రచురణకర్త నిజంగా వాడుకోబోయేవి మాత్రమే ఇవ్వండి.