సెషన్స్ కోర్టులో సాక్ష్యం: పీపీ గారిని ముందే కలవవచ్చా?

ప్రశ్న: పొలం గట్టు తగాదాలో మా తమ్ముడి తల పగిలింది. హత్యాయత్నం కేసు సాక్ష్యాల దాకా వచ్చింది. వచ్చే వాయిదాకు నాకూ సమన్లు అందాయి. అవతలివారికి ఇద్దరు లాయర్లు. మా పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) గారు ఇంతవరకు మమ్మల్ని పిలవలేదు. ఫీజు ఇవ్వనందుకేమోనని అమ్మ బెంగ. సొంత లాయరును పెట్టుకుంటే ఆయన వాదించవచ్చా?

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. పీపీకి ప్రభుత్వమే చెల్లిస్తుంది. మీరు ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. ఆయన పిలిచేదాకా ఆగకండి, మీరే వెళ్లి కలవండి, అందులో తప్పు లేదు. కోర్టు కానిస్టేబులును అడిగితే ఏ వేళకు దొరుకుతారో చెబుతారు. పోలీసులకు మీరిచ్చిన వాంగ్మూలం, గాయాల ధ్రువపత్రం, స్కాన్ రిపోర్టు ఫైలులో ఉన్నాయో లేదో అడగండి. కానీ ఏం చెప్పాలో నేర్పమని మాత్రం అడగవద్దు. కంటితో చూసినదే చెప్పండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నించేటప్పుడు, నిలిచేది అదొక్కటే.

ఒక మాట మనసులో పెట్టుకోండి. ఆయన మీ లాయరు కాదు, ప్రభుత్వం తరఫు లాయరు. ఎలాగైనా శిక్ష వేయించడం ఆయన పని కాదు. నిందితుడికి న్యాయంగా దక్కవలసిన మేలు ఏదైనా ఉంటే దాన్ని కూడా కోర్టు ముందు పెట్టాలని 1999లో శివకుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మీకు కష్టంగా అనిపించవచ్చు. అయినా అలా నడిచిన కేసులో వచ్చిన శిక్షే పై కోర్టులో నిలబడుతుందని నా నమ్మకం.

సొంత లాయరును కోర్టు అనుమతితో పెట్టుకోవచ్చు. అయితే ఆయన పీపీ చెప్పినట్టు నడుచుకోవాలి. సాక్షులను తానే ప్రశ్నించలేరు, అడగవలసినవి పీపీకి అందించవచ్చు. సాక్ష్యాలు ముగిశాక కోర్టు అనుమతిస్తే రాతపూర్వకంగా వాదన ఇవ్వవచ్చు.

ప్రశ్న: పీపీ గారితో చెప్పి కేసు ఎత్తివేయిస్తామని అవతలివారు ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: పీపీ ఒక్కరి మాటతో అది జరగదు. ఉపసంహరణకు కోర్టు ఒప్పుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే చట్టం) 360వ సెక్షను ప్రకారం బాధితుడి మాట వినకుండా కోర్టు అనుమతి ఇవ్వకూడదు. ఒకవేళ నిందితులను నిర్దోషులుగా వదిలేసినా మీ తమ్ముడు స్వయంగా అప్పీలు వేసుకోవచ్చు. బెదిరిస్తే మాత్రం తేదీ, మాటలు రాసిపెట్టుకుని వెంటనే పీపీకీ పోలీసులకూ చెప్పండి, వాయిదా దాకా ఆగవద్దు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. స్కాన్ రిపోర్టు ఇంట్లోనే ఉండిపోయింది, పోలీసులకు ఇవ్వలేదు. రేపు ఉదయం తీసుకుని వెళ్తాను.

జవాబు: నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. దర్యాప్తు అధికారికి కూడా రేపే చెప్పండి.