క్యాష్ ఫోల్డర్‌కి ట్యాగ్ ఉన్నా టార్ వదలట్లేదు, ఎందుకు?

ప్రశ్న:
స్కాన్ చేసిన పాత పత్రికల పేజీలకు చిన్న బొమ్మలు తయారుచేసే టూల్ ఒకటి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్నాను. ఆ బొమ్మలన్నీ ఒకే క్యాష్ ఫోల్డర్‌లో పడతాయి, ఇప్పటికే 11 జీబీ. పోయినా మళ్ళీ తయారవుతాయి కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు. ‘ఇది క్యాష్, బ్యాకప్‌లో వదిలేయొచ్చు’ అని చెప్పే ట్యాగ్ ఫైలు పెట్టడానికి క్యాష్‌డిర్ లైబ్రరీ తెచ్చి, అందులోని ఎన్‌ష్యూర్_ట్యాగ్ ఫంక్షన్ పిలిచాను. ఎర్రర్ లేదు. ఫోల్డర్‌లో క్యాష్‌డిర్.ట్యాగ్ ఫైలు కూడా ఉంది, పేరు అన్నీ పెద్ద అక్షరాల్లోనే. అయినా ఫైళ్ళన్నీ ఒకే ఆర్కైవ్‌గా కట్టగట్టే టార్‌కి, క్యాష్‌లు వదిలేయమనే --ఎక్స్‌క్లూడ్-క్యాషెస్ ఆప్షన్ ఇస్తే 11 జీబీ మొత్తం ఎక్కించేస్తోంది. రాత్రి రెండింటిదాకా దీంతోనే సరిపోయింది.

జవాబు:
ఆ ఫైలు సైజెంతో చూసి చెప్పండి.

అడిగినాయన:
సున్నా! లైబ్రరీ సంగతి తెలియకముందు ఖాళీ ఫైలు తయారుచేసే టచ్ కమాండ్‌తో నేనే పెట్టిన ఫైలండీ అది. పేరుంటే చాలనుకున్నా.

జవాబు:
దొరికింది దొంగ. పేరొక్కటే చాలదు. 2004లో బ్రయాన్ ఫోర్డ్ రాసిన నియమం ప్రకారం ఫైల్లో మొదటి 43 బైట్లు కచ్చితంగా ఒకటే ఉండాలి: ‘సిగ్నేచర్’ అన్న ఇంగ్లిష్ మాట, కోలన్, ఒక ఖాళీ, ఆ వెంటనే 32 హెక్స్ అక్షరాలు (0–9 అంకెలు, ఎ–ఎఫ్ అక్షరాలు). అదే పేరుతో ఇంకెవరి ఫైలైనా పొరపాటున ఉంటే దాని పక్కనున్న సరుకు బ్యాకప్‌లో గల్లంతవకూడదని ఈ జాగ్రత్త. మీ ఖాళీ ఫైలును టార్ నమ్మలేదు, నమ్మకపోవడమే దాని పని.

మరి లైబ్రరీ ఎందుకు నోరు మెదపలేదంటే, ఎన్‌ష్యూర్_ట్యాగ్ ఫైలు ఉందా లేదా అన్నదే చూస్తుంది. ఉంటే లోపల ఏముందో చూడకుండా సరే అనేస్తుంది. యాడ్_ట్యాగ్ వాడి ఉంటే ‘ఫైలు ఇప్పటికే ఉంది’ అని ఎర్రర్ వచ్చి అప్పుడే తెలిసిపోయేది. ఆ ఖాళీ ఫైలు తీసేసి టూల్ మళ్ళీ నడపండి. తర్వాత ఈజ్_ట్యాగ్డ్‌తో ఒకసారి సరిచూడండి, అది లోపలి సంతకం కూడా చూస్తుంది.

ఇంకొకరు:
చేత్తో రాసే ఉద్దేశం ఉంటే మానుకోండి. విండోస్‌లో ఎడిటర్ బీఓఎమ్ (ఎన్‌కోడింగ్ గుర్తు) పేరుతో సంతకానికి ముందు కంటికి కనబడని మూడు బైట్లు తగిలించిందని నాకు వారం తర్వాత తెలిసింది. చూడ్డానికి ఫైలు లక్షణంగా ఉంటుంది!

మరొకరు:
ట్యాగ్ పెట్టిన చోటు నుంచి కింద ఉన్నదంతా బ్యాకప్‌లోంచి పోతుందండోయ్. నేను ఒక ఫోల్డర్ పైకి పెట్టాను. బొమ్మల పక్కనే నేను టైప్ చేసుకున్న వివరాలున్నాయి, డిస్కు పోయినరోజు చూస్తే బ్యాకప్‌లో అవి లేవు. క్యాష్‌కి విడిగా ఫోల్డర్ పెట్టి, ట్యాగ్ అందులోనే ఉంచండి.

అడిగినాయన:
అయిపోయిందండీ, ఆర్కైవ్ ఇప్పుడు 300 ఎంబీ. కానీ ఖాళీ క్యాష్ ఫోల్డరూ ట్యాగ్ ఫైలూ ఇంకా అందులో కనబడుతున్నాయి?

జవాబు:
--ఎక్స్‌క్లూడ్-క్యాషెస్ ఆ రెంటినీ ఉంచుతుంది. వెనక్కి తెచ్చుకున్నప్పుడు ట్యాగ్‌తో సహా ఫోల్డర్ సిద్ధంగా ఉంటుంది కాబట్టి నేనైతే అలాగే వదిలేస్తా. అసలే వద్దంటే ఆ ఆప్షన్ పేరు చివర -ఆల్ చేర్చండి. రెస్టిక్, బోర్గ్ అనే బ్యాకప్ టూల్స్ వాడినా ఈ ఆప్షన్ ఉంది, మనం అడిగితేనే పనిచేస్తుంది. ఫైళ్ళను ఇంకో చోటికి కాపీ చేసే ఆర్‌సింక్ మాత్రం ఈ ట్యాగ్‌ను పట్టించుకోదు, అక్కడ ఫోల్డర్ పేరు మీరే ఇవ్వాలి.