1972 ఎంజీబీ, వైర్ వీల్స్: టో ఇంటి దగ్గరే సెట్ చేసుకోవచ్చా?

డిడ్కాట్_రోడ్‌స్టర్:

అందరికీ నమస్కారం. నాది 1972 ఎంజీబీ, క్రోమ్ బంపర్ రోడ్‌స్టర్, అంటే పైకప్పు తీసే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. చక్రాలు వైర్ వీల్స్, ఊచలవి. కొని ఏడాది కూడా కాలేదు. ఉండేది ఇంగ్లండ్‌లోని డిడ్కాట్‌లో. ఈ కారు పుట్టిన ఆబింగ్డన్ మాకు పది మైళ్ళ లోపే. ఫ్యాక్టరీ 1980లోనే మూసేశారు కాబట్టి అక్కడికి తీసుకెళ్ళి చూపిద్దామన్నా ఎవరూ లేరనుకోండి.

సమస్య ఇది. ఏ34 రోడ్డు మీద వేగం గంటకి 55 మైళ్ళు దాటిందంటే బండి నిలకడగా ఉండదు. లారీ పక్కనుంచి పోతే అటో ఇటో జరుగుతుంది, నేను సర్దుతాను, మళ్ళీ జరుగుతుంది. ఇంటికొచ్చేసరికి భుజాలు పట్టేస్తున్నాయి. రెండు నెలల కింద ఒక టైర్ షాపులో 60 పౌండ్లు పెట్టి అలైన్‌మెంట్ చేయించాను. వాళ్ళ కంప్యూటర్‌లో ఈ మోడల్ లేదట. "చక్రాలు సమాంతరంగా పెట్టాం, సరిపోతుంది" అన్నారు. సరిపోలేదు. పైగా ఇప్పుడు నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ ఎడమకి, గడియారంలో పదకొండు గంటల వైపు వాలి ఉంటోంది.

కాస్టర్, కాంబర్ (చక్రం, దాని ఇరుసు వాలే కోణాలు) ఈ కారులో మార్చడానికి లేదని, టో (ముందు చక్రాలు ఒకదానివైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయన్నది) ఒక్కటే మన చేతిలో ఉందని మాన్యువల్‌లో చదివాను. టో ఇన్ 1.5 నుంచి 2.3 మి.మీ. అంట. అంత చిన్న కొలత గ్యారేజీలో దారం కట్టి, టేపు పట్టి తేల్చగలమా? నేను సాఫ్ట్‌వేర్ వాడిని, పానా పట్టడం ఈ కారుతోనే మొదలు. జాకీ, రెండు స్టాండ్లు ఉన్నాయి.

---

ఖాళీగా_ఉన్నా:

అమ్మేసి కొత్తది కొనుక్కో బ్రో, భుజాలు బాగుపడతాయి 😀

---

పాతపానా:

తమ్ముడూ, తేల్చగలవు. విజయవాడ ఆటోనగర్‌లో పద్నాలుగేళ్ళు లారీల కింద పడుకున్నవాణ్ణి. ఇప్పుడు కవెంట్రీలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పక్కింటాయనకి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఉంది, దాని మంచీచెడూ నేనే చూస్తాను. మీ కారుకి కంప్యూటర్ అక్కర్లేదు. వెనక యాక్సిల్ గట్టిది, కమాన్ పట్టీల మీద కూర్చుంటుంది, అక్కడ తిప్పడానికి ఏమీ లేదు. ముందు రెండు టై రాడ్లు (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీలు), అంతే పని.

కానీ దారం, టేపు ఆనక. ముందు లూజు చూడు. అరిగిపోయిన కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే నిలువు కడ్డీ) పెట్టుకుని టో సెట్ చేయడమంటే ఊగే బల్ల మీద ముగ్గు వేయడమే. ముందు చక్రం నేల నుంచి ఎత్తి, స్టాండ్ మీద నిలిపి, పైనా కిందా పట్టుకుని ఊపు. కదిలితే ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి బ్రేక్ తొక్కమను, మళ్ళీ ఊపు. లూజు పోయిందంటే బేరింగ్. పోలేదంటే కింగ్ పిన్, లేకపోతే పైన డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) చేతి చివరున్న బుష్. మీ కారులో డ్యాంపరే పై ఆర్మ్ కూడా, అది గుర్తు పెట్టుకో. బ్రేక్ అలాగే తొక్కి ఉండగా చక్రాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూడు. టక్ టక్ అందంటే హబ్ మీద స్ప్లైన్లు (చక్రాన్ని పట్టుకునే పళ్ళు) అరిగాయి. వైర్ వీల్‌కి అది మామూలు రోగం కాదు. అప్పుడు అలైన్‌మెంట్ మాట పక్కనపెట్టి ముందు దాని సంగతి చూడాలి.

కింగ్ పిన్‌కి ఒక్కో వైపు మూడు గ్రీజు నిపుల్స్ ఉంటాయి. చక్రం గాల్లో ఉండగానే గ్రీజు కొట్టు. బరువు మీద ఉన్నప్పుడు కొడితే చేరాల్సిన చోటికి చేరదు. సగం మంది ఇది చెయ్యరు, ఆనక స్టీరింగ్ బిగుసుకుందని ఏడుస్తారు.

ఇప్పుడు అసలు మాట. ఆ షాపు వాళ్ళకి ఎక్కడ తప్పి ఉంటుందో నాకు తెలిసినట్టే ఉంది. వైర్ వీల్ ఎంత మంచిదైనా కాస్త ఊగుతుంది. రిమ్‌కి క్లాంప్ తగిలించి కొలిస్తే ఆ ఊపు కూడా నీ టో లెక్కలో కలిసిపోతుంది. నువ్వు వెతికేది రెండు మిల్లీమీటర్లు. చక్రమే రెండు మిల్లీమీటర్లు ఊగుతుంటే ఇంక కొలిచేదేముంది? అందుకే రిమ్ జోలికి వెళ్ళకు, దారం జోలికీ వెళ్ళకు.

మా మేస్త్రీ చేసింది చెప్తాను. లారీ ముందు చక్రం జాకీ మీద లేపేవాడు. టైరు మధ్యన చుట్టూ సుద్ద పూసేవాడు. ఒక చెక్కకి మేకు కొట్టి, చెక్కని నేల మీద కదలకుండా అదిమిపట్టి, చక్రాన్ని చేత్తో తిప్పేవాడు. మేకు మొన సుద్ద మీద సన్నగా గీత గీసేది. చక్రం ఎంత ఊగినా సరే, మేకు కదలదు కాబట్టి గీత ఊగదు. రెండో చక్రానికీ అంతే. తర్వాత దించి, బండిని ముందుకి నాలుగు గజాలు తోయించి, గీతకీ గీతకీ మధ్య ముందు ఎంత, వెనక ఎంత అని చూసేవాడు. వెనక ఎక్కువుంటే టో ఇన్.

కింద ఇంజను, చాసిస్ అడ్డొస్తాయి కాబట్టి టేపు నేరుగా సాగదు. ఒక అల్యూమినియం గొట్టం తీసుకుని రెండు చివర్లా నిలువు ముక్కలు బిగించు. ఒకదానికి కదలని మొన, ఇంకోదానికి బోల్టు మొన. చక్రం నడిమి ఎత్తులో, వెనక గీతలకి సరిగ్గా ఆనేలా బోల్టు తిప్పి, ఆ గొట్టాన్ని అలాగే ముందుకి తీసుకొచ్చి పెట్టు. మొనకీ గీతకీ మధ్య తేడానే నీ టో. మొత్తం దూరం ఎంతన్నది నీకు అక్కర్లేదు, తేడా ఒక్కటే కావాలి.

టై రాడ్ తిప్పే ముందు చెక్ నట్ (రాడ్ కదలకుండా పట్టి ఉంచే నట్) వదులు చెయ్. రబ్బరు బూటు క్లిప్పు కూడా వదులు చెయ్, లేకపోతే బూటు మెలి తిరిగి చినుగుతుంది. రెండు వైపులా సమానంగా, ఒక్కోసారి పావు చుట్టే. ఎటు తిప్పితే ఎటు పోతుందో మొదటి పావు చుట్టులోనే తెలిసిపోతుంది. స్టీరింగ్ వాలి ఉందన్నావు కదా, రెండు రాడ్ల మీద బయటికి కనపడే మరలు లెక్కపెట్టి ఇక్కడ రాయి. ఒక వైపే తిప్పి చేతులు కడుక్కుని ఉంటారు.

---

స్విండన్_అక్క:

పాతపానా గారు చెప్పిన గీత పద్ధతి బంగారం. కానీ కొత్తవాళ్ళకి మేకు అదిమిపట్టి నిలకడగా గీయడం మొదటిసారి కుదరదండీ, నాకు మూడుసార్లు తప్పింది. నాది ఎంజీబీ జీటీ, వైర్ వీల్సే. నేను చేసేది ఇంకా తేలిక. టైరు వెనక వైపు, నడిమి ఎత్తులో, మధ్య గాడి దగ్గర సుద్దతో చుక్క పెడతాను. రెండు చుక్కల మధ్య కొలుస్తాను. తర్వాత కారుని ముందుకి సరిగ్గా సగం చుట్టు తోస్తాను, మీటరుకి కొంచెం తక్కువ వస్తుంది. అవే చుక్కలు ఇప్పుడు ముందు వైపుకి వస్తాయి. మళ్ళీ కొలుస్తాను. రెండుసార్లూ టైరు మీద అదే చోటు కాబట్టి ఊపు లెక్కలోకి రాదు. ఎప్పుడూ ముందుకే తొయ్యాలి. దాటిపోతే వెనక్కి చాలా దూరం వెళ్ళి మళ్ళీ ముందుకి రండి. వెనక్కి తోసి అక్కడే ఆపితే బుష్షులు ఇంకో వైపుకి లాగి ఉంటాయి, కొలత మారుతుంది.

ఇంకో రెండు మాటలు. మి.మీ. అంకె చూసి మోసపోకండి. ఎక్కడ కొలిచామన్నది చెప్పకపోతే దానికి అర్థం లేదు. రిమ్ అంచుల దగ్గర 1.5 వచ్చే కోణమే టైరు మీద కొలిస్తే దాదాపు 2.4 అవుతుంది, టైరు వ్యాసం ఎక్కువ కాబట్టి. మీరు టైరు మీద కొలుస్తుంటే 2.5 దగ్గర ఆపండి.

రెండోది, స్టీరింగ్ వాలిందని స్టీరింగ్ చక్రం ఊడదీసి నేరుగా మళ్ళీ బిగించకండి, దయచేసి. ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగం దగ్గర ఆపి, అక్కడ స్టీరింగ్ నేరుగా ఉందో లేదో చూడండి. ఉంటే తప్పు టై రాడ్లలోనే ఉంది. అక్కడే సర్దాలి.

సీట్లో మనిషి బరువు పెట్టి కొలిస్తే మంచిది. నేనైతే నాలుగు ఇరవై కిలోల సోనా మసూరి బస్తాలు డ్రైవర్ సీట్లో పెడతాను. మా ఆయన "బియ్యానికి సీటు బెల్టు పెట్టావా" అని అడుగుతాడు.

---

డిడ్కాట్_రోడ్‌స్టర్:

ఇద్దరికీ ధన్యవాదాలు. శని, ఆదివారాలు దీంతోనే గడిచాయి.

మా ఆవిడ బ్రేక్ తొక్కింది (ఫోన్‌లో సీరియల్ చూస్తూనే). ఎడమ వైపు లూజు బ్రేక్ తొక్కగానే పోయింది, బేరింగ్ సర్దాను. కుడి వైపు లూజు లేదు. స్ప్లైన్లు టక్కుమనలేదు, బతికాను. గాలి కూడా చూశాను. రేడియల్ టైర్లకి మాన్యువల్‌లో ముందు 21, వెనక 24 ఉంది, నావి నాలుగూ 32! ఆ షాపులోనే కొట్టి ఉంటారు.

మరలు: ఎడమ 11, కుడి 16. అన్నా, మీరు చూడకుండానే పట్టేశారు. అక్క చెప్పినట్టు చివర నుంచి చివరకి లెక్కపెట్టి సగం దగ్గర ఆపితే స్టీరింగ్ నేరుగానే ఉంది.

మేకు గీత నాలుగోసారికి కుదిరింది. సందేహంగా ఉండి అక్క చుక్కల పద్ధతి కూడా చేశాను. రెండిటికీ అర మిల్లీమీటరు తేడా. ముందు వైపు 4 మి.మీ. ఎక్కువ! అంటే సమాంతరం కాదు, టో అవుట్. టైరు మీద చెయ్యి పెట్టి బయట నుంచి లోపలికి రాస్తే రంపంలా గీసుకుంటోంది, లోపల నుంచి బయటికి నున్నగా ఉంది.

ముందు మరలు రెండు వైపులా సమానం చేశాను. తర్వాత ఒక్కో వైపు పావు చుట్టు, మళ్ళీ పావు చుట్టు, ఆపైన చిటికెడు. తిప్పిన ప్రతిసారీ ముందుకి తోసి, కొలిచి. టైర్ల కింద చెత్త సంచులు రెండు పొరలుగా పరిచి చేశాను, లేకపోతే టైరు నేలకి పట్టుకుని కదలడం లేదు. ఇప్పుడు రెండు వైపులా 13 మరలు, టో ఇన్ 2.5.

నిన్న సాయంత్రం ఏ34 మీద 60లో వెళ్ళాను. లారీ పక్కనుంచి పోయింది, బండి పోతున్న దారిన పోయింది. స్టీరింగ్ మాత్రం ఇంకా వెంట్రుకవాసి ఎడమకి ఉంది.

---

పాతపానా:

శభాష్. రోడ్డు ఎడమ పక్కకి వాలి ఉంటుంది తమ్ముడూ, ఖాళీ సమతలం చూసి ఇంకోసారి చూసుకో. అక్కడ కూడా వాలి ఉంటే ఒక వైపు ఎంత వదులుతావో ఇంకో వైపు అంతే బిగించు, టో మారదు.

చెక్ నట్లు వంద మైళ్ళ తర్వాత మళ్ళీ పానా పెట్టి చూడు. నలభై ఏళ్ళు దాటిన బండి కదా, 2018 నుంచి ఇక్కడ వాటికి ఎంఓటీ (ఏటా చేసే బండి తనిఖీ) తప్పనిసరి కాదు. ఏడాదికోసారి కిందకి దూరి చూసేవాడు ఎవడూ రాడు, నువ్వే దూరాలి.

---

స్విండన్_అక్క:

గాలి 32 అన్నారు చూడండి, సగం భుజం నొప్పి అక్కడిదే. 21 పెట్టాక మళ్ళీ కొలిచారా?

---

డిడ్కాట్_రోడ్‌స్టర్:

గాలి తీసేశాకే కొలిచానండీ. బియ్యం బస్తాలు మాత్రం ఒక్కటే దొరికింది. మిగతా అరవై కిలోల బదులు మా ఆవిడని కూర్చోబెట్టాను. ఆ లెక్క నేను చెప్పానని తనకి చెప్పకండి.