లక్కబొమ్మల వర్చువల్ గదిలో బొంగరం తిప్పబోతే గది తిరుగుతోంది, ఏం చేయాలి?

ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కోసం బ్రౌజర్‌లో తెరుచుకునే ఏటికొప్పాక బొమ్మల గది ఇది, త్రీ.జేఎస్‌లో (బ్రౌజర్‌లో 3డీ దృశ్యాలు చూపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కడుతున్నాం. మొత్తం 12 బొమ్మలు: బొంగరాలు, లక్కపిడతలు, గిలకలు.

బొమ్మల్ని 3డీ మోడళ్లుగా మార్చే స్కానింగ్ తంటా తీరింది. అంకుడు కర్ర మీద లక్క అద్దంలా మెరవడంతో వెలుగు పడ్డ చోటల్లా మోడల్‌లో సొట్టలు వచ్చేవి. దీపానికొకటి, లెన్సుకొకటి పోలరైజర్ (ఒక దిశలో కంపించే కాంతినే వదిలే ఫిల్టర్) పెట్టి, ఒకదాన్ని 90 డిగ్రీలు తిప్పితే సొట్టలు పోయాయి. మెరుపూ పోయిందనుకోండి, దాన్ని రఫ్‌నెస్ (ఉపరితలం గరుకుదనం, తగ్గితే మెరుపు పెరుగుతుంది) 0.2తో మళ్లీ తెచ్చాం. మోడల్‌ పైన అతికే 2048 పిక్సెళ్ల టెక్స్‌చర్ చిత్రం ఒక్కోటి మిప్‌మ్యాప్‌లతో (దాని చిన్న సైజు నకళ్లతో) 21 ఎంబీ దాకా మెమరీ మింగుతుంది, చవక ఫోన్లు తట్టుకోవు. అందుకే 1024కి దించాం.

ఇప్పుడు చిక్కంతా వేలితోనే. బొంగరాన్ని పట్టుకుని విసిరితే అది తిరగాలి. రేకాస్ట్ (వేలు పడ్డ చోటు నుంచి గదిలోకి వదిలే ఊహా కిరణం) బొమ్మకి తగిలితే ఆర్బిట్ కంట్రోల్స్ (లాగితే కెమెరాని చుట్టూ తిప్పే ఏర్పాటు) ఆపేస్తున్నాం, కానీ పిల్లల వేలు సన్నటి ముల్లు పక్కన పడుతుంది. రేకాస్ట్ తప్పుతుంది, గది గిర్రున తిరుగుతుంది! బొమ్మ చుట్టూ కనిపించని గోళం పెట్టి చూశాం. లక్కపిడతలు దగ్గరదగ్గరగా ఉండటంతో గోళాలు ఒకదాన్నొకటి కప్పేస్తున్నాయి: గరిటె ముట్టుకుంటే కుండ లేస్తోంది.

గోళాలు మానేసి, తెర మీద వేలికి 40 పిక్సెళ్ల లోపు ఏ బొమ్మ మధ్యబిందువు దగ్గరో లెక్కేయడం మేలా? లేక గదిని లాగి తిప్పడమే తీసేసి, నేల మీద పాదముద్రలు నొక్కితే కెమెరా కదిలేలా చేయాలా? రెండోదే నయమనిపిస్తోంది, కానీ అప్పుడు బొమ్మ వెనకవైపు ఎలా చూపించాలి? పిల్లలతో పరీక్షించి చూసినవాళ్లు చెప్పగలరా?