‘స్థాయీ సంఘం’లో ఆ దీర్ఘం ఉండాలా?

ప్రశ్న, గుంటూరు నుంచి:
అందరికీ నమస్కారం. మా జిల్లా పరిషత్ వార్తల్లో స్టాండింగ్ కమిటీని ఒకచోట ‘స్థాయి సంఘం’ అనీ, ఇంకోచోట ‘స్థాయీ సంఘం’ అనీ చూస్తుంటాను. పార్లమెంటు వార్తల్లోనూ ఇంతే. ఏది ఒప్పు? అసలు ఏటా కొత్తగా వేసే కమిటీని ‘స్థాయీ’ అనడం సబబేనా?

జవాబు, విజయవాడ నుంచి:
మాస్టారూ, వ్యాకరణం రెండింటికీ దారి ఇస్తుంది. మూలం సంస్కృతంలో ‘స్థాయిన్’, నిలిచి ఉండేది అని. మంత్రిన్, పక్షిన్ మనకు మంత్రి, పక్షి అయినట్టే ఇదీ ‘స్థాయి’ కావాలి. కానీ ఆ మాటను మనం లెవెల్ అనే అర్థానికి ఇచ్చేశాం. ‘జిల్లా స్థాయి సంఘం’ అని రాస్తే జిల్లాలో ఉన్న ఏ సంఘమైనా కావచ్చు. కావ్యాల రసచర్చలో, మనసులో నిలిచి ఉండే భావాన్ని స్థాయీభావం అన్నట్టే ఇక్కడా దీర్ఘం ఉంచాలి. నా ఓటు దానికే.

ఇక ఏటా వేయడం సంగతి. పార్లమెంటులో శాఖల వారీ స్థాయీ సంఘాలు 1993లో 17తో మొదలై, 2004లో 24 అయ్యాయి. ఒక్కోదాంట్లో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. మంత్రులకు చోటు లేదు. సభ్యుల గడువు ఏడాదే అయినా ఆ శాఖ మీద నిఘా తెగదు. జేపీసీ, అంటే సంయుక్త పార్లమెంటరీ కమిటీ, అలా కాదు, ఒక వ్యవహారం కోసం వేస్తారు, నివేదిక ఇచ్చాక దాని పని అయిపోతుంది.

బడ్జెట్ పెట్టాక సభకు విరామం ఇస్తారు చూడండి, అప్పుడే వీటికి అసలు పని. శాఖలు ఖర్చుకు అడిగే డబ్బు లెక్కలు, అంటే పద్దులు, ముందేసుకుని కూర్చుంటాయి. కిందటేడు ఇచ్చిన డబ్బు ఎందుకు మిగిలింది, ఈ ఏడు ఇంకా ఎందుకు కావాలి అని అడిగితే ఆ శాఖ కార్యదర్శి వచ్చి చెప్పుకోవాలి. సభలో కొన్ని శాఖల పద్దులే చర్చకొస్తాయి, మిగతావన్నీ చర్చ లేకుండానే ఒక్కసారిగా ఓటుకు పోతాయి, దాన్నే గిలటిన్ అంటారు. కాబట్టి చాలా శాఖలకు గట్టి ప్రశ్న ఎదురయ్యేది ఈ సంఘం గదిలోనే. సిఫార్సుల మీద ఏం చేశారో ప్రభుత్వం మూడు నెలల్లో చెప్పాలి. ఆ జవాబులపై ఇంకో నివేదిక వస్తుంది. ప్రభుత్వం ఒప్పుకున్నవి ఒక అధ్యాయం, జవాబు నచ్చక సంఘం మళ్లీ నొక్కి చెప్పినవి ఇంకో అధ్యాయం. నేను ముందు తెరిచేది ఆ రెండోదే.

మరొకరు, గుంటూరు నుంచి:
సిఫార్సులు పాటించి తీరాలని లేదు కదండీ?

జవాబు, విజయవాడ నుంచి:
లేదమ్మా. బిల్లులు కూడా స్పీకరో, రాజ్యసభ ఛైర్మనో పంపితేనే వీటి దగ్గరికి వస్తాయి. చట్టసభల పనితీరును గమనించే పీఆర్‌ఎస్ సంస్థ లెక్కల్లో 15వ లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో 16 శాతమే. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. బిల్లు సంఘానికి వెళ్తే నిపుణులతో పాటు దాని వల్ల నష్టపోయేవాళ్లూ తమ మాట చెప్పుకోవచ్చు. సభలో ఆ వీలు ఎక్కడిది?

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండీ. అయితే జడ్పీలో ఉన్న ఏడింటికీ దీర్ఘమే రాస్తాను. ‘విద్య, వైద్య స్థాయీ సంఘం’ అంటే సరిపోతుందా?

జవాబు, విజయవాడ నుంచి:
భేషుగ్గా సరిపోతుంది. మాటల్లో మాత్రం మనమంతా స్టాండింగ్ కమిటీ అనే అంటాం, అందులో తప్పేమీ లేదు.